పదిహేడో గొట్టం

గొట్టాలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నారు మా సార్. పెట్టనన్నాను. పెడితే నన్ను గాజుసామాను కడిగే గదికి పంపిస్తారు. పెట్టకపోతే నెలాఖరుకి నా కాంట్రాక్టు ఆఖరు. ఎటు చూసినా మునిగేది నేనే అయినప్పుడు, చేయని తప్పు నెత్తినేసుకుని మునగడం దేనికి?

పదహారేళ్లుగా ఈ ల్యాబులో కణాలు పెంచుతున్నాను. దెబ్బతిన్న రక్తనాళాల్ని మళ్లీ కట్టే మూలకణాలు మనిషి రక్తంలో తిరుగుతుంటాయి, కోటికి ఒకటో రెండో. వాటిని వెతికి పట్టుకుని, పళ్లెంలో వేసి, రోజు విడిచి రోజు మేత మార్చి, మూడు వారాలు పసిపిల్లల్లా సాకాలి. అప్పుడు ఒక్కొక్కరివి ఒక్కో గొట్టంలో కరిగించి, లోపల ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది నిద్రపోతోందో యంత్రంతో చదివించి పట్టిక వేస్తాం. కొందరి నాళాలు ఎందుకు తొందరగా మానతాయో ఆ పట్టికలో దొరుకుతుందని మా ఆశ.

ఈసారి రక్తమిచ్చినవాళ్లు ఇరవై నలుగురు. పన్నెండుమంది ఆడవాళ్లు, పన్నెండుమంది మగవాళ్లు. పట్టిక రాగానే పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చునే మా లెక్కలాయన ముందుగా ఒకటి సరిచూస్తాడు. ఆడవాళ్ల కణాల్లో మాత్రమే పనిచేసే జన్యువు ఒకటుంది. మగవాళ్లలో మాత్రమే పనిచేసేవి కొన్నున్నాయి. పదిహేడో గొట్టం మీద నేను రాసింది ఆడ అని. లోపల కణాలు మాత్రం నూటికి నూరుపాళ్లూ మగవి.

"చూడమ్మా, వయసు మీద పడుతోంది. కళ్లు మోసం చేస్తాయి. తప్పేం లేదు," అంటూ సార్ ఒక కాగితం నా ముందుకి తోశారు. 'పదిహేడో గొట్టాన్ని నేను మార్చాను' అని అప్పటికే టైపు చేయించి పెట్టారు. "ఒక్క సంతకం పెట్టావంటే పదిహేడుని తీసేసి మిగతావి అచ్చుకి పంపించేద్దాం."

నాకు ఒళ్లు మండింది.

"ఇటు గొట్టం అటు వెళ్తే, అటుది ఇటు రావాలిగా సార్? మరి మగవాళ్ల పన్నెండు గొట్టాలూ మగవాళ్లలాగే ఉన్నాయేం?"

"అదీ నిజమే," అని లెక్కలాయన గొణిగాడు. "ఆ పదిహేడు మిగతా ఇరవై మూడింట్లో దేనితోనూ కలవట్లేదు సార్. ఇది ఇంకెవరో మనిషిది."

"అయితే బయటి కణమేదో పడుంటుంది."

"ఎవరిది? నా చేతిలోంచి రాలితే ఆడ కణమే రాలుతుంది. ఆ గదిలోకి అడుగుపెట్టే మగాళ్లు మీరొక్కరే. మొన్న చేతితొడుగుల్లేకుండా మూత తీసి చూసింది ఎవరు?"

లెక్కలాయన దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సార్ మొహం కందగడ్డలా అయింది.

తాడో పేడో తేలిపోవాలనుకున్నాను. "ఆవిడ రక్తం మళ్లీ తీయించండి. సూది గుచ్చడం దగ్గర్నించి అంతా మీ కళ్లెదుటే చేస్తాను. నెలాఖరుకి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. అప్పటిదాకా నన్ను తీసెయ్యలేరుగా!"

రక్తమిచ్చినవాళ్ల పేర్లు రక్తం తీసే నర్సక్కకి తప్ప మాకెవరికీ తెలియవు. ఆవిడే ఫోన్ చేసి పిలిపించింది. వచ్చినామె సిటీ బస్సులో కండక్టరు. వయసు నలభై దాటింది. గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. నేను పళ్లేలు వేస్తుంటే సార్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఆవులిస్తూ చూశారు. ప్రతి మూత మీదా నా పొడి అక్షరాల పక్కన ఆయనవీ రాయించాను. విసుక్కుంటూనే రాశారు.

ఇరవై నాలుగో రోజున ఫలితం వచ్చింది. మళ్లీ మగ.

సార్ మూతల మీద తన పొడి అక్షరాలే మళ్లీ మళ్లీ చూసుకున్నారు. నేను రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ప్రశ్న ఒకటుంది. కండక్టరమ్మ ఒప్పుకుంటే ఆమెనే అడుగుతానన్నాను. మర్నాడు డ్యూటీ దిగి నేరుగా మా గదికే వచ్చింది.

"ఏంటమ్మా, రెండుసార్లు గుచ్చారు. ఇంతకీ బతుకుతానా?"

"మీకేం, నిక్షేపంగా ఉన్నారు. ఎప్పుడైనా వేరే మనిషి ఎముక మూలుగ ఎక్కించారా మీకు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. వెంట వచ్చిన నర్సక్క, రక్తమిచ్చేటప్పుడు ఆమె నింపిన ఫారం తెరిచింది. 'పెద్ద జబ్బులు: లేవు. తోబుట్టువులు: లేరు.'

"పన్నెండో ఏట రక్తంలో జబ్బు చేసింది," అంది గోడకేసి చూస్తూ. "మా అన్న ఇచ్చాడు."

"మరి లేరని రాశారేం?"

"అమ్మ పోతే రాలేదు వాడు. తొమ్మిదేళ్లయింది మాటల్లేక. జబ్బు సంగతి రాస్తే మూలుగ ఎవరిచ్చారంటారు. వాడి పేరు నా చేత్తో రాయాలి. నేను రాయను."

"మీ పంతానికి నా ఉద్యోగం ఊడేదమ్మా!"

"నాకేం తెలుసు? మీరు మాత్రం తగ్గారా? నర్సమ్మ అంతా చెప్పింది."

ఆమెని చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాను. లోపల కణాలు గచ్చు మీద పరిచిన బండల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఇవి... వాడివా?"

"మీ ఒంట్లోవే. ఆయనిచ్చిన మూలుగలోంచి పుట్టినవి. మీకెక్కడైనా నాళం దెబ్బతింటే కట్టడానికి వెళ్లేవాటిలో ఇవీ ఉంటాయి."

"తొమ్మిదేళ్లు తిట్టుకుంటూనే ఉన్నాను," అంది తల ఎత్తకుండానే. "వీడు మాత్రం పని మానలేదన్నమాట." కళ్లు తుడుచుకుంది. "ఏడుస్తున్నాననుకోకండి. కోపం."

ఫారం లాక్కుని 'లేరు' కొట్టేసింది. 'అన్న, ఒక్కడు' అని రాసి, పక్కన పేరు కూడా రాసింది. "రాశాను కదా అని ఫోన్ చేస్తాననుకోకండి," అంటూనే జేబులో ఫోన్ తడుముకుంది.

సార్ అప్పటికే గదిలో పచార్లు చేస్తున్నారు. "ఈ కణాలు మూలుగలోంచే వస్తాయని ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి! మామూలు సంగతి కాదు. ఎంత బాగా పట్టుకున్నాం!"

పట్టుకున్నామట! నేను సొరుగులోంచి ఆ టైపు కాగితం తీశాను.

"అబ్బే, అదెందుకమ్మా ఇంకా? పారెయ్యి."

"సంతకం కావాలన్నారుగా సార్."

కండక్టరమ్మ చేతిలోని పెన్ను అడిగి తీసుకున్నాను. 'మార్చాను' కొట్టేసి 'మార్చలేదు' అని రాశాను. కింద నా పూర్తి పేరు, తేదీ వేసి, గుండ్రంగా సంతకం పెట్టాను. తర్వాత కాగితం ఆయనవైపు తిప్పాను.

"కింద మీదొకటి," అని పెన్ను చాచాను.

ఆయన పెట్టేదాకా చెయ్యి దించలేదు.