ప్రొఫెసరుగారి ఏకాగ్రత

ఆ ఇంట్లో పిల్లాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. అది పిల్లాడి తండ్రి పెట్టిన రూలు.

ఆయన ఒక బీమా కంపెనీలో ట్రైనింగు ఆఫీసరు. కొత్తగా చేరిన ఏజెంట్లకి, ఎదుటివాడి చావు గురించి నవ్వుమొహంతో ఎలా మాట్లాడాలో నేర్పుతాడు. ఏ విషయమైనా అట్టముక్కల మీద రాసి ఒక్కొక్కటే చూపిస్తే మనిషి బుర్రలోకి ఎక్కుతుందని ఆయన నమ్మకం. పెళ్ళైన కొత్తలో భార్యకి తన బంధువుల్ని కూడా అలాగే పరిచయం చేశాడు. పిల్లాడు పుట్టకముందే పిల్లల పెంపకం మీద ఫోన్లో ఒక కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. పిల్లాడి ఫోటోకి ఫ్రేము ఇంకా కట్టించాలి.

పిల్లలు ఏదైనా పనిలో మునిగి ఉన్నప్పుడు వెనకనుంచి పిలిచి చెదరగొట్టకూడదని ఆ కోర్సులో చెప్పారు. ముందుకొచ్చి, వాళ్ళ ఎత్తుకి వంగి, కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా పలకాలన్నారు. ఇంటిల్లిపాదీ అలాగే చేశారు. మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ కూడా, మనవడికి మంచినీళ్ళు కావాలో వద్దో అడగడానికి గోడ పట్టుకుని దిగి, కూలబడి, అడిగి, మళ్ళీ లేవడానికి కొడుకుని కేకేసేది.

"వీడితో ఒక్క ముక్క మాట్లాడాలంటే క్రేను తెప్పించాలిరా."

"కళ్ళలోకి చూడమ్మా. అదే ముఖ్యం."

"నిన్ను నేను పొయ్యిలోకి చూస్తూ పెంచాను. నీకు మాటలు రాలేదా? వచ్చినవి ఆగాయా ఇంతవరకూ?"

పిల్లాడికి మూడో ఏడు నిండబోతోంది. ఇంట్లో వాణ్ణి ప్రొఫెసరు అనేవాళ్ళు. చెక్క దిమ్మల ముందు కూర్చున్నాడంటే లోకం తెలియదు. వంటింట్లో కుక్కరు కూతేసినా, పక్కింటివాళ్ళు గోడకి డ్రిల్లు పెట్టినా తల తిప్పడు. "చూశారా, ఏకాగ్రత" అని తండ్రి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. వచ్చినవాళ్ళు డ్రిల్లు మోతకి చెవులు మూసుకుని, చూశామన్నట్టు తలూపేవాళ్ళు.

ఆదివారాలు ప్రదర్శన ఉండేది. చుట్టాల్ని సోఫాలో కూర్చోబెట్టి, పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి, తండ్రి నేలమీద కార్డులు పరిచేవాడు.

"ఖడ్గమృగం ఏది?"

ప్రొఫెసరు తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, ఖడ్గమృగాన్ని ముట్టుకునేవాడు.

"సమలంబ చతుర్భుజం?"

ముట్టుకునేవాడు. సమలంబ చతుర్భుజం అంటే ఏమిటో తమకే గుర్తులేని చుట్టాలు టీ గబగబా తాగేసి, పనుందని లేచేవాళ్ళు. వాళ్ళు అలా లేవడమే తండ్రికి మార్కులు.

ఒక్కటే వెలితి. ప్రొఫెసరు మాట్లాడడు. ఆఁ అంటాడు, ఊఁ అంటాడు. సంతోషమేస్తే బ అంటాడు. కింద ఇంట్లో వాడి ఈడు పిల్లే ఒకతి ఉంది. దాన్ని అందరూ రేడియో అంటారు. వాళ్ళ నాన్న దుప్పటి కప్పుకుని ఏడ్చిన సంగతి కూడా మెట్ల మీద అందరికీ చెప్పేసింది.

"ఆ పిల్లకి మాటలెక్కువ, విషయం తక్కువ" అనేవాడు తండ్రి. "మనవాడు లోపల పోగుచేసుకుంటున్నాడు."

తల్లికి పోగులు అక్కర్లేదు. వాడు తనని "అమ్మా" అని పిలిస్తే చాలు. ఆవిడ బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. కూరగాయల షాపులో నోరు విప్పితే చాలు, "బస్సులావిడ" అని జనం వెనక్కి తిరుగుతారు. ఊరంతా తిరిగే గొంతుకి ఇంట్లో ఒక్కడు తిరగట్లేదని ఆవిడకి లోపల గుబులుగా ఉండేది. ఒకరోజు అన్నం దగ్గర బయటపెట్టింది.

"ఏమండీ, వాడు పిలిస్తే తిరగట్లేదు."

"వెనకనుంచి పిలిచావా?"

"పొరపాటున."

"మరి ఎలా తిరుగుతాడు? లోతులో ఉంటాడు వాడు."

నానమ్మ మజ్జిగ కలుపుకుంటూ అంది. "వీడి తాతా అంతేనమ్మా. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. ఒక్కసారి పలికిన పాపాన పోలేదు మహానుభావుడు."

అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వింది. అంతమంది నవ్వుతుంటే ఒక్కతే గుబులుగా ఉండటం బాగోదు.

రోజూ డ్యూటీ దిగి రాగానే ఆవిడ పిల్లాణ్ణి గుండెల మీద పడుకోబెట్టుకుని పాడేది. వాడు అరచెయ్యి తెచ్చి తల్లి గొంతు మీద పెట్టుకుని, అలాగే నిద్రపోయేవాడు. చెయ్యి తీసేస్తే లేచిపోయేవాడు. అంత ప్రేమ అనుకునేది ఆవిడ.

బడిలో చేర్పించడానికి ఇంటర్వ్యూ దగ్గరకొచ్చింది. ముందురోజు పొద్దున్నే తండ్రి కార్డులు సర్దుతున్నాడు. ప్రొఫెసరు బాత్‌రూములోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. పిల్లలకి స్వావలంబన రావాలని ఆ గడియని వాడి ఎత్తుకి కిందకి దించి బిగించింది తండ్రే.

ముందు తల్లి చూసింది. తలుపు కొట్టింది. "గడియ తియ్యి కన్నా. పక్కకి లాగు."

నీళ్ళ చప్పుడు మాత్రం వస్తోంది. లోపల నిండు బకెట్టు ఉంది.

"కంగారుపడకు. గడియ కార్డు పోయిన వారమే అయిపోయింది" అని తండ్రి ముందుకొచ్చాడు. మోకాళ్ళ మీద వంగి, అలవాటు కొద్దీ తలుపు కళ్ళలోకి చూస్తూ, "గ... డి... య" అన్నాడు. తలుపు ఏమీ అనలేదు.

నానమ్మ అరిచింది. తల్లి రెండు చేతులతో బాదింది. చప్పుడుకి కింద ఇంటాయన సుత్తితో వచ్చాడు, వెనకే రేడియో వచ్చింది.

"తలుపు తియ్యరా, మా నాన్న సుత్తి తెచ్చాడు. మా నాన్నకి మేకులు కొట్టడం రాదు, వేలు కొట్టుకుంటాడు" అని రేడియో లోపలికి వార్తలు చదివింది.

తండ్రి బాల్కనీలోకి పరిగెత్తి, స్టూలెక్కి, బాత్‌రూము వెంటిలేటర్లోంచి లోపలికి చూశాడు.

ప్రొఫెసరు తలుపుకి కాస్త దూరంలో, అటు వీపు పెట్టి కూర్చుని, బకెట్లోంచి మగ్గుతో నీళ్ళు తీసి మళ్ళీ బకెట్లోకే పోస్తున్నాడు. వాడి వెనక తలుపు ఊగిపోతోంది. కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు జారి కిందపడింది. వాడు తిరగలేదు. సుత్తి దెబ్బ పడింది. వాడు మగ్గు నింపాడు, పోశాడు.

"ప్రొఫెసరూ" అని పిలిచాడు తండ్రి. తర్వాత అసలు పేరు పెట్టి పిలిచాడు. తర్వాత అరిచాడు.

ఎందుకో వాడు వెనక్కి జరిగాడు. వీపు తలుపుకి తగిలింది. అప్పుడు తిరిగి చూసి, ఊగుతున్న తలుపు మీద అరచెయ్యి ఆనించి, నవ్వాడు.

"ఏం చేస్తున్నాడండీ?" అవతలినుంచి తల్లి అడిగింది.

"ఆడుకుంటున్నాడు."

"పిలవండి."

"పిలిచాను."

"మరి?"

"ఏకా..." అన్నాడు తండ్రి. మిగతా మాట రాలేదు.

అవతల తల్లి తలుపు కొట్టడం ఆపేసింది. అది చూసి కింద ఇంటాయన సుత్తి దించాడు. "ఇంకోసారి పిలవండి" అంది ఆవిడ, మైకులో మాట్లాడే గొంతుతో.

తండ్రి పిలవలేదు. వెంటిలేటర్లోంచి చెయ్యి లోపలికి పెట్టి ఊపాడు. గోడ మీద నీడ కదిలింది. ప్రొఫెసరు తలెత్తి, తండ్రిని చూసి, సంతోషంగా "బ" అన్నాడు. తండ్రి గడియ వైపు చూశాడు. నోరు విప్పలేదు, చూశాడంతే. వాడు లేచి చక్కగా గడియ లాగేశాడు.

"భలే తెలివైనోడండీ" అని కింద ఇంటాయన చప్పట్లు కొట్టాడు. ఇంట్లోవాళ్ళెవరూ కొట్టలేదు.

మర్నాడు బడికి బదులు చెవుల ఆసుపత్రికి వెళ్ళారు. గోడలకి మెత్తలు కుట్టిన చిన్న గదిలో పిల్లాడికి పరీక్షలు చేశారు. తండ్రి కార్డులు వెంట తెచ్చాడు.

"ఒక్కసారి చూడండి డాక్టరుగారూ. చెప్తే అన్నీ చూపిస్తాడు" అని నేలమీద పరిచాడు.

డాక్టరమ్మ కాసేపు చూసింది. "ఈసారి ఈ కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, పైకి చూస్తూ అడగండి."

"ఖడ్గమృగం ఏది?" అని తండ్రి కాగితం చాటునుంచి పైకప్పుని అడిగాడు.

ప్రొఫెసరు తండ్రిని చూశాడు. కాగితాన్ని చూశాడు. తర్వాత తనూ తలెత్తి, పైకప్పు మీద ఆ మూలనుంచి ఈ మూలకి, ఏదో ఉండే ఉంటుందని నమ్మకంగా వెతికాడు.

"మీ చూపు ఏ కార్డు మీదకి పోతే దాన్ని ముట్టుకుంటున్నాడు" అంది డాక్టరమ్మ. "పెదాల కదలిక కూడా పట్టేస్తున్నాడు. చాలా తెలివైన పిల్లాడు."

ఆ ఒక్క మాట ఎవరైనా పెద్దవాళ్ళు అనాలని తండ్రి ఎన్నో ఆదివారాలు ఎదురుచూశాడు. ఇప్పుడు విని ఏం చెయ్యాలో తెలియక కార్డులు ఏరుకున్నాడు.

"వినికిడి చాలా తక్కువ. పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు. మిషన్లు పెడదాం, కొంత వినబడుతుంది. మాటలు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేను. ఈ వయసులో పోయిన కాలం చాలా విలువైంది, ఇంకాస్త ముందు రావాల్సింది." డాక్టరమ్మ ఆగి అడిగింది. "మీకెప్పుడూ అనుమానం రాలేదా? వెనకనుంచి పిలిచినప్పుడైనా?"

"మా ఇంట్లో వెనకనుంచి పిలవమండీ" అన్నాడు తండ్రి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్లాడు కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. స్టేషన్లో తల్లి బదులు ఇంకెవరో ప్లాట్‌ఫారాలు చెబుతున్నారు.

"నేను పాడుతుంటే ఏమనుకున్నాడంటారు?" అంది ఆవిడ.

తండ్రి ఒళ్ళో కార్డుల అంచులు సరిచేశాడు.

"రోజూ నోరు తెరవడం, ముయ్యడం. ఆవలిస్తున్నాననుకున్నాడేమో. పాపం, అమ్మకి ఎంత నిద్రొస్తోందో అనుకుని, తను కూడా పడుకునేవాడేమో."

ఇంటికొచ్చాక ఆవిడ పిల్లాణ్ణి గుండెల మీద వేసుకుని పడుకుంది. వాడు ఎప్పటిలాగే అరచెయ్యి తెచ్చి గొంతు మీద పెట్టాడు. గొంతు ఊరికే ఉంది. కాసేపు ఆగి, తలెత్తి ఆవిడ మొహం చూసి, గొంతు మీద మెల్లగా తట్టాడు. మళ్ళీ తట్టాడు.

నానమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పాడవే. అడుగుతున్నాడు."

"వినబడదు కదా అత్తయ్యా."

"అడుగుతున్నాడు కదా."

ఆవిడ నోరు తెరిచింది. పాట రాలేదు, పాటలో ఒక్క ముక్కా గుర్తులేదు. వాడు తట్టాడు. గొంతుకి కళ్ళుమూసుకున్నా వచ్చేవి కొన్ని ఉన్నాయి, అవే వచ్చాయి.

"ప్రయాణికులకు గమనిక" అంది. ఆగి, మళ్ళీ అందుకుంది. "బస్సు ఆలస్యంగా నడుస్తున్నది. ఆలస్యానికి చింతిస్తున్నాము."

పిల్లాడి చెయ్యి కుదురుకుంది. చెంప తెచ్చి ఆవిడ గుండెకి ఆనించాడు. హాల్లో తండ్రి, ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కింద కూర్చుని ఉన్నాడు, చేతిలో కార్డులున్నాయి. లోపల్నుంచి ప్లాట్‌ఫారాలు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి. ఎక్కడెక్కడికో బస్సులు బయల్దేరుతున్నాయి. పిల్లాడు నిద్రపోయాక కూడా ఆవిడ ఆపలేదు.