గేటు సందులో సుడులు

కంపెనీకి తెలివి ఊరికే పుట్టదు, ఎవరి నోట్లోంచో లాక్కుంటుంది. ఈసారి నర్మద నోట్లోంచి లాక్కుంది.

నస్పూర్ అవతల ప్రైవేటు కంపెనీ నడిపే బొగ్గుగనిలో షిఫ్టు మారేటప్పుడు గేట్ మీటింగ్ పెట్టడం కార్మికుల పాత అలవాటు. రెండు షిఫ్టులు మొహాలు చూసుకునేది అక్కడే. ఏ కొట్లాటైనా అక్కడే మొదలవుతుంది. అట్లాంటి చోట ఇప్పుడు నలుగురు నిలబడలేకపోతున్నారు. కంపెనీ చిన్న గేటును వెల్డింగుతో మూసేసి, పెద్ద గేటు దగ్గర రేకులతో ఇరుకు సందు కట్టింది. డ్యూటీకి పోయేవాళ్లు, డ్యూటీ అయిపోయినవాళ్లు ఒకే వేళకు అందులోంచే నడవాలి. ఎవడైనా మాట కలిపాడా, చెప్పేవాణ్ణి ఒక వరస లోపలికి గుంజుకుపోతుంది, వినేవాణ్ణి ఇంకో వరస బయటికి ఈడుస్తుంది. గుంపు కాకముందే చిరిగిపోతుంది.

"మీ హనుమండ్లు బిడ్డ చెప్పిన ఇకమతే" అని మేనేజరు ఓంప్రకాశ్ నవ్వుకుంటూ అందరికీ చెప్పాడు.

ఆ బిడ్డే నర్మద. గుజరాత్‌లో పరిశోధన చేస్తుంది. సంగతి తెలిసి సెలవు పెట్టి వచ్చింది. మంచిర్యాలలో రైలు దిగి, సంచితోనే యూనియన్ ఆఫీసుకు పోయింది. కూర్చో అన్నవాడు లేడు.

"రావమ్మా సైంటిస్టు" అన్నాడు కార్యదర్శి పరశురాములు. "గేటు మూపిచ్చినవ్. ఇగ ఆఫీసుకు సుత తాళమేస్తవా?"

ఆమె తండ్రి వైపు చూసింది. హనుమండ్లు గోడ వైపు చూశాడు.

"బాపూ, జర నా మాటిను."

"ఈడ నీకు బాపు లేడు. కార్మికుడున్నడు. చెప్పేదుంటే చెప్పి పో."

మూలకు కొండల్ నిలబడి ఉన్నాడు. గని కప్పుకు ఆసరా కట్టందే కిందికి దిగనన్నందుకు కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. రేపు పొద్దున గేట్ మీటింగ్ అయితేనే రెండు షిఫ్టులు అతని వెనక నిలబడతాయి. కాకపోతే కొండల్ పని ఇక పోయినట్టే. ఆ తర్వాత కప్పు పగిలినా దిగనని ఎవడూ అనడు.

"పోయినసారి వచ్చినప్పుడు మన స్కూల్ల పిల్లలకు నేను చెప్పింది మా మిషన్ ముచ్చట" అంది నర్మద. "గారె లెక్క గుండ్రంగ, నడుమ బొక్క ఉంటది. టోకామాక్ అంటరు. అండ్ల సూర్యుని కన్న వేడి గాలిని అయస్కాంతాలతోటి పట్టి ఉంచుతం. అంచుల సుడులు లేస్తయి. సుడి సుడికీ వేడి బయటికి కారిపోతది. పక్కపక్క పొరలు ఒక్క తీరుగ కాకుంట వేరేవేరే వేగంతోటి ఉరికితే సుడిని సాగదీసి చింపుతయి. వేడి లోపల్నే ఉంటది. పిల్లలకు అర్థమైతదని షిఫ్టు మారేటప్పటి గేటును చూపిచ్చిన, గుంపు సుడి అసుంటిది, వచ్చే పోయే వరసలు పొరల అసుంటియి అని. ముఖ్య అతిథి అని ఓంప్రకాశ్‌ను ముందు కుర్చీల కూసోబెట్టిండ్రు. శాలువా కప్పంగనే లేచిపోయిండు. సగమే విన్నడు."

"వానికి సగం చాలింది" అన్నాడు పరశురాములు. "మమ్ములను చింపిండు. మిగిలిన సగం మాకెందుకు?"

"మీకే కావాలె. చింపేది వేగం కాదన్నా, తేడా. అన్ని పొరలు ఒక్క దిక్కు ఒక్క వేగంతోటి పోతే, ఎంత ఉరికినా సుడికి ఏం కాదు. గేటు కాడ తేడా లేకుంట చేయుండ్రి."

"అంటే అందరం బయటనే ఆగాల్నా? మస్టరుల హాజరు పోతది. సమ్మె చేసిండ్రని ఇంకో పది మందిని తీస్తడు. నీ జీతం నీకొస్తది, నీకేం ఫికర్?"

నర్మద మిషన్‌లో మస్టరు ఉండదు.

అప్పుడు హనుమండ్లు గోడ మీంచి చూపు తీశాడు. బిడ్డ వైపు కాదు, పరశురాములు వైపు.

"బయట ఎందుకాగాలె? ఇంటికి పోయేటోళ్లే వెనుకకు తిరుగుతరు. వచ్చేటోళ్ల పక్కన, వాళ్ల నడకతోటే లోపలికి నడుస్తరు. అయిపోయినోనికి మస్టరు పడ్డది, వచ్చినోనికి పడ్తది. మీటింగ్ కంపెనీ ఆవరణలనే పెడదాం."

పరశురాములు మీసం నిమురుకున్నాడు. "లెక్క తప్పితే?" అన్నాడు చివరికి.

"తప్పితే నా బిడ్డను తిట్టు. ఎట్లైనా తిడ్తనే ఉన్నవ్ గద" అన్నాడు హనుమండ్లు.

తెల్లారి సైరన్ మోగింది. సెక్యూరిటీవాళ్లు "చలో, చలో" అంటూ లాఠీలతో రేకులు కొడుతున్నారు. నర్మద ఎదురుగా చాయ్ హోటల్ దగ్గర నిలబడి చూస్తోంది. బొగ్గు మొహాల వరస సందులోకి వచ్చింది, సగం దూరం వచ్చి ఆగింది, తిరిగింది. కడిగిన మొహాల వరస దాని పక్కకు చేరింది. భుజానికి భుజం, అడుగుకు అడుగు. నడుస్తూనే మాట్లాడుకున్నారు, ఎవడినీ ఎవడూ గుంజలేదు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు గుంపయ్యారు. ఆ గుంపు నడుమ కొండల్ మొహం కనబడకుండా తలకు తువ్వాల చుట్టుకుని గేటు దాటి లోపలికి పోయాడు. సెక్యూరిటీవాళ్లు మాత్రం "చలో" అంటూనే ఉన్నారు. ఆ చలో ఇప్పుడు కార్మికులకే పనికొస్తోంది.

ఆవరణంతా నిండింది. ఆఫీసు కిటికీ కిందనే కొండల్ రాయెక్కి, కప్పు ఎట్లా పగులుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఓంప్రకాశ్ వెనక దారిన బయటికొచ్చి, నేరుగా నర్మద మీదికి వచ్చాడు.

"నువ్వే చెప్పినవు కదా, సుడులు ఆగుతయని."

"ఇన్నాళ్లు ఆగినయి గద సార్. వీళ్ల కోపం వేడి లెక్క లోపల్నే ఉండిపోయింది. అంచుల కొండ లెక్క పేరుకుంటది, ఒక్కసారే ఎగజిమ్ముతది. గోడ సుత కరుగుతది. మీరు శాలువా పట్టుకపోయినంక చెప్పింది గదే."

"మరి మీ మిషన్‌ల ఏం చేస్తరు?"

"ఎగజిమ్మక ముందే కొద్దికొద్దిగ మేమే పోనిస్తం. మీ పాత గేట్ మీటింగ్ అసుంటిదే. మీరు దానికి వెల్డింగ్ కొట్టిపిచ్చిండ్రు."

లోపల అరుపు లేచింది. ఓంప్రకాశ్ జేబులోంచి ఫోన్ తీసి, వెల్డింగు చేసేవాణ్ణి రమ్మన్నాడు. చిన్న గేటుకు కొట్టిన వెల్డింగు కోయాలన్నాడు. కొండల్ పని ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆవరణలో పని మొదలు కాలేదు. కొండల్ ఇంకా రాయి దిగలేదు.