పాదపూజ నాడు

మేఘనను కాటారం దాటాక అడవి అంచున ఉన్న ఆశ్రమ బడిలో వేసి ఆరు నెలలైంది. చేసిన నేరం పెద్దదేం కాదు. తొర్రూరు బస్టాండు దగ్గర ఒక పిల్లవాడి బండెక్కింది. కిరాణా హోల్‌సేల్ దుకాణం నడిపే నాయిన లక్ష్మీనర్సయ్యకు అంతమాత్రానికే పరువు పోయింది. ఆడపిల్లలకు అక్కడ సంస్కారం నేర్పుతారని ఎవరో చెప్పగానే తెచ్చి దింపాడు.

ఆ సంస్కారం ఏ పాటిదంటే, ఎదురు మాట్లాడిన పిల్ల అరచేతిలో ఆశ్రమం నడిపే మాతాజీ కర్పూరం వెలిగిస్తుంది. అది ఆరేదాకా పిల్ల శ్లోకం చదవాలి. మేఘనకు రెండు చేతులూ కాలాయి. ఇంటికి ఫోన్ చేస్తే మాతాజీ పక్కనే కూర్చుంటుంది కాబట్టి "బాగున్న" తప్ప మరో మాట రాదు. బిడ్డ నెమ్మదైందని నాయిన మురిసిపోయాడు.

నాయిన ఒక్కసారి చేతులు చూస్తే చాలు, ఇంటికి తీసుకుపోతాడు. మేఘనకున్న ఆశంతా అదే.

పాదపూజ నాడు తల్లిదండ్రులు వరసగా కుర్చీల్లో కూర్చుంటారు, పిల్లలు కింద కూర్చుని కాళ్లు కడుగుతారు. కాలిన గుర్తులు కనపడొద్దని మాతాజీ పొద్దున్నే అందరి చేతులకూ పసుపు దట్టంగా పట్టించింది. నీళ్లు తగిలితే పసుపు పోతుందన్న సంగతి అన్ని శాస్త్రాలు చదివిన మనిషికి తట్టలేదు. పిల్లలకు తట్టింది. కడగడం కాగానే అందరం ఒక్కసారే చేతులెత్తుదామని అనుకున్నారు.

పుండ్లు భగభగ మండుతున్నా మేఘన నాయిన పాదాలు కడిగింది. పళ్లెంలో నీళ్లు పచ్చబడ్డాయి. పక్కనున్న కళ్యాణి చేతులెత్తింది, ఆ తర్వాత వరసంతా ఎత్తింది. మేఘన తన అరచేతులు నాయిన ముఖం ముందు పెట్టింది.

లక్ష్మీనర్సయ్య ఉలిక్కిపడలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తెల్సు బిడ్డా. చేర్పించిననాడే చెప్పిండ్రు, నేనే సంతకం పెట్టిన. చేతులు దించు, అందరు చూస్తున్నరు."

మేఘనకు ఇన్నాళ్లూ మాతాజీ అంటేనే భయం. ఇప్పుడు నాయినంటే భయమేసింది. అయినా చేతులు దించలేదు.

పక్క కుర్చీలోని అమ్మ కస్తూరికి ఆ సంతకం మాట అప్పటిదాకా తెలియదు. ఆమె లేచి, మొగుణ్ణి దాటుకుని వచ్చి, తడి నేల మీద బిడ్డ పక్కన కూలబడింది.

"నాకు చెప్పకపోతివి" అంది మొగుడితో.

కళ్యాణి తల్లి యాకమ్మ కూడా కుర్చీ దిగింది. ఆమె వెనక ఇంకొకామె దిగింది. మాతాజీ గేటు మూయమని కేకేసింది. ఈసారి లోపల తల్లులు కూడా ఉన్నారు.