చదవని వాక్యం

పోలీసు చర్య జరిగి ఆరు నెలలైంది. కట్టంగూర్‌కు ఆమడ దూరంలోని ఒక చిన్న సర్కారు దవాఖానలో దశరథం కంపౌండరు, సైదమ్మ ఆయా. పన్నెండేళ్లుగా ఆమె అక్కడ సీసాలు కడిగింది, కట్టుగుడ్డలు ఉడకబెట్టింది, కాన్పులకు సాయం పట్టింది.

ఆ ఎండాకాలం గుట్టల్లో పట్టుబడిన కమ్యూనిస్టు సంఘం మనుషుల దగ్గర, దవాఖాన ముద్ర ఉన్న, గాయాలకు పూసే టించరు సీసా దొరికింది. సైదమ్మ పుట్టినూరిలో సంఘం బలంగా ఉండేది. అదే సాక్ష్యమైంది. డాక్టరునూ కంపౌండరునూ గట్టిగా ఒక మాట కూడా అడగలేదు. ఆమెను మాత్రం నౌకరీ నుంచి తీసేస్తూ హుకుం వచ్చింది.

ఆ సీసా ఇచ్చింది దశరథం. సంఘంలో తిరుగుతూ తొడలో తూటా దిగిన తన మేనబావ కోసం ఇచ్చాడు.

హుకుం ఉర్దూలో ఉంది. సైదమ్మ దాన్ని అతని దగ్గరికే తెచ్చింది.

"సారూ, జర సదివి చెప్పు. ఏం రాసిండ్రు?"

దశరథం చివరి వాక్యం దగ్గర ఆగాడు. హుకుం అందిన ముప్పై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని ఉంది. అప్పీలంటే విచారణ. విచారణంటే మందుల అలమార తాళంచెవి ఎవరిదని అడుగుతారు. అది తన మొలతాడుకే వేలాడుతోంది.

"నౌకరీల కెల్లి తీసేసినమని రాసిండ్రు సైదమ్మా."

"గంతేనా?"

"గంతే."

"నేనేం తప్పు జెయ్యలే సారూ. నీకెర్కనే గద" అంటూ ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

తరువాత ఆమె చేన్లలో కూలికి పోయింది. దారిలో ఎదురుపడితే ఎప్పటిలాగే దండం పెట్టేది. దశరథం తల దించుకుని నడిచేవాడు. అన్నం సయించక, చివరికి భార్య అండాలుతో జరిగింది చెప్పాడు. ఆమె పళ్లెం ముందునుంచి లేచి నిలబడింది.

"మన పిల్ల ఆమె చేతులల్లనే పుట్టింది. పో, ఇప్పుడే పోయి చెప్పు."

అతను వెళ్లి చెప్పాడు, గడువు సంగతి ఒక్కటే. సీసా సంగతి నోటికి రాలేదు. అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు.

మర్నాడు అతనూ సైదమ్మా నల్లగొండ వెళ్లారు. అధికారి తారీఖు చూసి కాగితం వెనక్కి తోశాడు.

"గడువు దాటింది. తొమ్మిది రోజుల కింద వస్తే విచారణ పెట్టేవాణ్ణి."

"హుజూర్, సీసా ఇచ్చింది నేను" అన్నాడు దశరథం.

గదిలో అందరూ అతనివైపు తిరిగారు. సైదమ్మ మాత్రం నేల చూస్తూ ఉండిపోయింది. అధికారి అతని మాటలన్నీ రాయించి వేలిముద్రా సంతకమూ తీసుకుని, జవాన్లను పిలిచాడు.

"మరి ఈమె నౌకరీ హుజూర్?"

"చెప్పాను గదా. గడువు దాటింది."

దశరథం ఎనిమిది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. సైదమ్మ కేతేపల్లిలో కూతురి దగ్గర ఉంటోందని తెలిసి వెళ్లాడు. ఆమె కల్లంలో కందులు చెరుగుతోంది. కల్లం అంచున నిలబడి అతను చేతులు జోడించాడు.

"తూటా దిగిన మనిషికి మందిచ్చినవ్. దానికి నేనేమనను" అంది ఆమె చేట ఆపకుండా. "ముప్పై దినాలల్ల ఎన్నిసార్లు ఎదురువడ్డవ్ సారూ? ఒక్కపాలి నోరు తెర్వనీకి ఏమైంది?"

జైల్లో ఎన్నో జవాబులు అనుకున్నాడతను. చేట చప్పుడు వింటూ ఎండలో నిలబడ్డాడు.