తలంటు దాటిన రోజులు

మా అత్త కన్నమ్మ లెక్కలో ఆడదానికి కడుపు నిలిచే రోజులు నెలలో నాలుగే. నెలసరి తలంటు కాగానే ఆ నాలుగు రోజులూ నా మొగుడు హరిబాబు బావను చేపల వేటకు పంపదు. కోడిగుడ్లు ఉడకబెట్టి పెడుతుంది, పొద్దుగూకకుండానే మమ్మల్ని గదిలోకి తోలుతుంది. ఆ తర్వాత బావ నాకు దక్కడు. పెళ్లాం పక్కన పడుకుని పడవెక్కితే గంగమ్మకు కోపమొస్తుందని మా ఇంటి కట్టుబాటు. వేటకు వెళ్లినన్నాళ్లూ మా మగవాళ్ల పడక ఒడ్డునే.

దసరా లోపు నేను నీళ్లోసుకోకపోతే కొడుక్కి ఇంకో పిల్లను చూస్తానని అత్త వీధంతా చెబుతోంది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

పలాసలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించి, ఏ లోపమూ లేదంది.

"నీకు నెలసరి సరిగ్గానే వస్తోంది. అండం విడుదలయ్యేది రెండు నెలసర్లకీ నడుమ. ఆ రోజుల్లో మీ ఆయన ఎక్కడుంటాడు?"

ఒడ్డున, పడవ పక్కన ఉంటాడని చెప్పడానికి సిగ్గేసింది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. "ఆ డాట్టరమ్మకేటి తెలుసే? తానం సేసిన కొత్తల్లోనే నాకు ముగ్గురు నిలిసినారు" అని కొట్టిపారేసింది.

నువ్వైనా చెప్పమని బావను బతిమాలాను. "అమ్మతో ఇయ్యన్నీ నానేటి సెప్పగలనే?" అని తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డుకు పోయాడు.

ఈ నెల ఆ నడిమి రోజులు రాగానే నాకు ఓర్పు చచ్చిపోయింది. మధ్యాహ్నం పడవ తోసే వేళకు ఇంజిన్ లాగి స్టార్టు చేసే తాడు కనబడలేదు. నా దగ్గరే ఉంది. అందరూ వెతుకుతుంటే వెళ్లి మా మావ తాతారావు ముందు నిలబడ్డాను.

"మావా, నాకు బిడ్డ కావాల. డాట్టరమ్మ సెప్పిన రోజులియ్యే. బావని ఇంటికాడ ఉంచితేనే తాడిత్తాను."

పడవవాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మావ తల దించుకుని చెయ్యి చాచాడు. తాడు తీసుకున్నాక కొడుకుతో, "నువ్వింటికెల్లరా" అన్నాడు.

గెలిచాననుకున్నాను. ఇంటికి పరుగున వచ్చి పక్క పరిచాను.

బావ చీకటి పడ్డాక వచ్చాడు. "నలుగురిలో నా పరువు తీసినావు కదే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. ఈవేళా అంతే.

"ఇటు తిరుగు బావా, రోజులైపోతన్నాయి" అని వీపు మీద చెయ్యి వేశాను. విదిలించుకున్నాడు.

బయట అరుగు మీద అత్త పక్కింటి భవానితో అంటోంది: "వచ్చే నెల తానం కానీయే, నానే వాడికి గుడ్లెట్టి ఇంటికాడ ఉంచుతాను."