లార్స్ బొటనవేలు

ఆ మధ్యాహ్నం వర్జిల్ స్ట్రౌడ్‌కి ఒళ్ళు మండుతున్నది ఎండకు కాదు. అరిజోనా ఎండ ఆయనకు ఏళ్ళ తరబడి అలవాటే. మార్చి అయిపోవచ్చింది. ఈ ఒక్క ఆటా ముగిస్తే సన్నాహక ఆటలన్నీ అయిపోయినట్టే. రేపు జట్టు విమానమెక్కి సొంతూరికి పోతుంది, ఆ వెంటనే అసలు పోటీలు మొదలు. బేస్‌బాల్ జట్టుకు మేనేజరన్న పేరు పెట్టుకుని నెల రోజులుగా ఇక్కడే కూర్చున్నా, షార్ట్‌స్టాప్‌గా ఎవణ్ణి నిలబెట్టాలో ఆయనకు ఇంతవరకూ తేలలేదు.

రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడాలి. దూసుకొచ్చే బంతిని ఏరాలి. అంత మైదానమూ దాటించి ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడి చేతికి, కొట్టినవాడు అక్కడికి పరిగెత్తేలోపే విసరాలి. షార్ట్‌స్టాప్ పనల్లా అదే. ఆ పనికి సరైన మనిషి లేకే పోయినేడు జట్టు అట్టడుగున తేలింది. ఈ ఏడూ అదే తంతయితే ఇంటికెళ్ళి చేపలు పట్టుకోవచ్చునని యజమానులు స్ట్రౌడ్‌కి చాలా మర్యాదగా చెప్పారు.

పోటీలో ఇద్దరు మిగిలారు. డెన్నీ బ్రూసిక్ పాతకాపు. వంగితే మోకాళ్ళు కటకటలాడతాయి. నాలుగడుగుల పక్కనుంచి పోయే బంతిని చుట్టాన్ని సాగనంపినట్టు చూస్తూ నిలబడతాడు. కానీ చేతికందిన బంతిని వదలడు, నెలంతా వాడి పేర ఒక్క తప్పూ పడలేదు. యైసన్ ఫెర్మీన్ డొమినికన్ కుర్రాడు, మీసం ఇంకా సరిగా మొలవలేదు. ఎవడికీ అందని బంతిని కూడా ఎగిరి దొరకబుచ్చుకుంటాడు. దొరికాక దాన్ని విసిరి మట్టిలో కలుపుతాడు. వాడి పేర పడ్డ తప్పులు తలుచుకుంటే స్ట్రౌడ్‌కి అన్నం సయించడం లేదు.

"ఇద్దర్నీ నడిమికి నరికి అతికించే డాక్టరెవడైనా ఉన్నాడా?" అన్నాడు స్ట్రౌడ్, పొద్దుతిరుగుడు గింజల పొట్టు తుపుక్కున ఊస్తూ. "నడుం పైన డెన్నీ, నడుం కింద యైసన్."

పక్కనే కూర్చున్న అసిస్టెంటు కోచ్ ఓటిస్ హేవర్టీ కూడా గింజలే నములుతున్నాడు. "మరి బ్యాటు ఎవడు పడతాడు?"

"ఎవడు పడితే ఏముంది! వీళ్ళు బ్యాటు ఊపితే పిచ్చుక కూడా బెదరదు."

ఇక్కడి ఆనవాయితీ ఒకటుంది. నెలంతా ఒకే జట్టుకు ఒకే రోజున రెండు ఊళ్ళలో రెండు ఆటలు పడుతుంటాయి. పాతకాపులు సొంత మైదానంలో కాళ్ళు చాపుకుని ఆడతారు. కుర్రకారు బస్సెక్కి పొరుగూరు పోతుంది. పెద్దవాళ్ళను బస్సులో కుదిపి తీసుకెళ్ళడం స్ట్రౌడ్ దృష్టిలో మర్యాద కాదు. అందుకని డెన్నీ ఎప్పుడూ ఇక్కడే ఆడాడు, యైసన్ ఎప్పుడూ అక్కడే. సాయంత్రం రెండు చోట్ల కబుర్లూ పక్కపక్కన పెట్టుకుని మేనేజరు బుర్ర గోక్కునేవాడు. ఇవాళొక్కటే అందరూ ఒకే చోట ఉన్నారు.

ఆట మొదలైన కాసేపటికే ఫస్ట్ బేస్ ఆడే లార్స్ ఎక్‌బర్గ్ బ్యాటింగుకు వెళ్ళి, తన బ్యాటుకు తగిలిన బంతిని తన కాలి బొటనవేలి మీదే దించుకున్నాడు. కుంటుతూ, బూతులు తిడుతూ లోపలికి పోయాడు.

"శుభం!" అన్నాడు స్ట్రౌడ్. "టక్కర్‌ని పంపు."

టక్కర్ పోల్ నిన్నమొన్నటి దాకా బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టే క్యాచరు. ఫస్ట్ బేస్ ఈ నెలలోనే నేర్చుకుంటున్నాడు. వాడు నిలబడిన తీరు చూస్తే తలుపుకు గ్లవ్ తొడిగినట్టుంది.

మొదటి బంతి డెన్నీ చేతికి వచ్చింది. నింపాదిగా ఏరి విసిరాడు. అది ఫస్ట్ బేస్‌కు గజం ముందు నేలకు తగిలి టక్కర్ కాళ్ళ సందున దూరిపోయింది. బోర్డు మీద డెన్నీ పేర తప్పు వెలిగింది. కాసేపటికి ఇంకోటి, అచ్చం అలాగే. స్ట్రౌడ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

డెన్నీ ఆటగాళ్ళ బెంచీ ఉన్న డగౌట్‌లోకి రాగానే స్ట్రౌడ్ వాడి మీద పడ్డాడు. "నీకేం మాయరోగంరా? నెలంతా ఒక్క బంతీ నేలకు తగలనివ్వలేదే!"

"ఎవరన్నారు?"

"నేనంటున్నా! నీ పేర ఒక్క తప్పన్నా పడిందా?"

"తప్పు పడలేదు. బంతి పడింది, రోజూ పడింది." డెన్నీ నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "నా భుజం అరిగిపోయింది వర్జిల్. నేను నేలకేసి కొడితే లార్స్ ఏరుకున్నాడు. వాడు ఏరితే ఇంక తప్పెవడు రాస్తాడు?"

"మరి నాకు చెప్పి ఏడవొచ్చుగా!"

"పోటీలో ఉన్నది నేను. నేను చెప్పాలా? నువ్విక్కడే కూర్చున్నావుగా, గింజలు నములుతూ."

స్ట్రౌడ్ గుప్పిట్లో గింజలు పక్కన పారేశాడు. లార్స్ నేల మీద సాగిలబడి బంతి అందుకున్న ప్రతిసారీ, ఆహా అని చప్పట్లు కొట్టింది తనే. వాడికి అలా సాగిలబడే ఖర్మ ఎందుకు పట్టిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. మెల్లగా హేవర్టీ వైపు తిరిగాడు.

"బస్సెక్కి పోయిన ఆటల్లో ఫస్ట్ బేస్ ఎవడాడాడు?"

"టక్కర్."

"రోజూనా?"

"రోజూ. నేర్చుకుంటాడని నువ్వే పంపావుగా."

"అది నీకన్నా తట్టొద్దా?"

"నాకు తట్టడానికి నేను మేనేజర్నా?"

స్ట్రౌడ్ యైసన్‌ను మైదానంలోకి దింపాడు. వాడు నిలబడీ నిలబడకముందే బంతి మూడో బేస్ వైపు దూరంగా దూసుకుపోయింది. డెన్నీ అయితే దానికి చెయ్యూపి ఊరుకునేవాడు. యైసన్ పక్కకు ఎగిరి, దొర్లి, లేచి విసిరాడు. బంతి గజం ముందు నేలకు తగిలింది. టక్కర్ కాళ్ళ సందున దూరిపోయింది. బోర్డు వెలిగింది.

"ఒరేయ్ పిల్లోడా, కాస్త పైకి విసరరా!" బెంచీ మీంచి అరిచాడు డెన్నీ.

"మీ దగ్గరే నేర్చుకున్నా తాతా!" అక్కణ్ణుంచే అరిచాడు యైసన్.

ఇద్దరి విసురూ ఒకటే. కానీ ఆ బంతి దాకా పోగలిగినవాడు ఒక్కడే. నెల రోజులు తన ప్రాణం తీసిన లెక్క ఇంత చిన్నదా అని స్ట్రౌడ్‌కి తన మీద తనకే కోపమొచ్చింది.

ఆట అయ్యాక ఇద్దర్నీ పిలిచాడు. "షార్ట్‌స్టాప్ యైసన్. డెన్నీ, నువ్వు బెంచీ మీద. అవసరమైనప్పుడు పిలుస్తా."

డెన్నీ కాసేపు గ్లవ్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "బస్సు మాత్రం ఎక్కించకు," అని లేచి వెళ్ళిపోయాడు.

యైసన్ కదల్లేదు. మొహంలో సంతోషం పొంగుకొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. "స్కిప్పర్, మరి ఫస్ట్ బేస్‌లో ఎవరుంటారు?"

స్ట్రౌడ్ లోపలి గదికి పరుగులాంటి నడక నడిచాడు. లార్స్ ఐసు నిండిన బకెట్లో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. వేలు వంకాయ రంగుకు తిరిగింది.

"విరగలేదట," అన్నాడు లార్స్. "వారంలో నడుస్తానంటున్నారు."

"వారమా!" స్ట్రౌడ్ పళ్ళు నూరుకుంటూ ఇంకో ఐసు సంచీ చించి, మోకాళ్ళ మీద కూర్చుని, తన చేత్తోనే బకెట్లోకి ఒంపాడు. "కదపకు. ఆ కాలు ఇక నీది కాదు."

లార్స్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నెల నుంచీ వీళ్ళకోసం మట్టి నాకుతున్నా. ఒక్కరోజూ నీకు కనపళ్ళా. ఇవాళేంటి ఇంత ప్రేమ?"

"నోర్మూసుకుని ఆ కాలు అందులో ఉంచు," అన్నాడు స్ట్రౌడ్.