ఎర్ర ఆయిల్ వచ్చేదాకా

ఏప్రిల్ ఎండంటే ఏమిటో నందిగామ హైవే పక్కన రేకుల షెడ్డులో, కారు కింద పడుకున్నవాణ్ణి అడగాలి. తక్కినవాళ్ళు చెప్పేదంతా ఉత్తమాట. మెకానిక్ మొహిద్దీన్‌కి అరవై దాటాయి. కింద పడుకోవడం ఒక ఎత్తు, మళ్ళీ లేవడం ఇంకో ఎత్తు. ఆవేళ అన్నం తిని కాస్త నడుము వాలుద్దామనుకునేసరికి రాజ్యశ్రీ టీచరు కారు వచ్చి షెడ్డులో ఆగింది. ఒంటిపూట బడి అయిపోయి నేరుగా వచ్చిందావిడ.

చిన్నప్పుడే పోలియో వచ్చి రాజ్యశ్రీ ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేదు. అందుకని తొమ్మిదేళ్ళ కిందట మొహిద్దీనే ఊరూరా వెతికి ఈ ఆటోమేటిక్ కారు కొనిపించాడు, సెకండ్ హ్యాండ్‌ది. అప్పట్నుంచి జగ్గయ్యపేటలో ఇంటి ముందు ఎక్కి ముక్త్యాల హైస్కూలు దగ్గర దిగుతుంది. ఆటోవాణ్ణి బతిమాలక్కర్లేదు, బస్సు ఎక్కించమని ఎవరి చెయ్యీ అడగక్కర్లేదు. ఆ కారు మూలపడితే ఆవిడ బతుకు మళ్ళీ మొదటికొస్తుంది.

అయితే ముక్త్యాల రోడ్డంటే సిమెంటు లారీల రోడ్డు. వాటి వెనక నత్తనడక నడిచీ నడిచీ గేర్‌బాక్స్ కాగిపోతోంది. విరుగుడుగా ఒక కూలర్ తెప్పించారు. చిన్న రేడియేటర్ లాంటిది. గేర్‌బాక్స్ ఆయిల్ అందులో తిరిగి చల్లబడి వస్తుంది. దాన్ని కారు ముందువైపు బిగించి, కొత్త పైపు కలపడానికి పాత పైపు ఊడదీశాడు మొహిద్దీన్. కారిన చుక్కల్ని అలవాటుగా తెల్లగుడ్డ మీద పట్టాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లగా ఉంది, మాడువాసన కొడుతోంది.

ఆ తప్పు లారీలది కాదు, ఎండదీ కాదు. ప్రతి సర్వీసుకీ ఆవిడ అడుగుతూనే ఉంది, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా అని. అక్కర్లేదనే చెప్పాడు. నిజానికి అప్పట్లో ఆ పని తనకి రాదు. రాదని చెప్పడానికి నోరు రాలేదు, అంతే.

ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. పాత ఆయిల్ ఉంచేస్తే ఆ మడ్డే కూలర్లో కూడా తిరిగి, నెల తిరక్కుండా గేర్‌బాక్స్ మాడిపోతుంది. మొత్తం తీసేస్తే ఇంకో భయం. గేర్‌బాక్స్ లోపల అరిగిన ప్లేట్లు ఇన్నాళ్ళూ ఆ మడ్డి పట్టుతోనే నడుస్తున్నాయేమో, కొత్త ఆయిల్లో జారిపోవచ్చు. నెపం ఎండ మీద నెట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ అబద్ధానికీ ఓపిక కావాలి, ఆ ఓపిక కూడా లేదు మనిషికి. స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, గుడ్డ చూపించి, రెండు దారులూ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తప్పు నాదేనండీ టీచరుగారూ. ఆ పని నాకు రాక, అక్కర్లేదని చెప్పా."

రాజ్యశ్రీ గుడ్డ అందుకుని వాసన చూసింది. కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది!

"రాదని చెప్పిన పిల్లల్ని నేనెప్పుడూ కొట్టలేదండి," అంది. "ఇప్పుడైనా వచ్చా?"

"వచ్చండి. తర్వాత నేర్చుకున్నా."

"అయితే మొత్తం తీసెయ్యండి."

అది ఇద్దరు మనుషుల పని. ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన పైపు చివర బకెట్లో పెట్టి చెయ్యెత్తితే ఇంజను ఆన్ చెయ్యాలి, దించితే ఆపాలి. రెండు లీటర్లు నల్లది బయటికొస్తే రెండు లీటర్లు కొత్తది లోపలికి పోయాలి. అలా ఐదుసార్లు వంగి లేచేసరికి మొహిద్దీన్‌కి నడుము తనది కాకుండా పోయింది. ఆరోసారి పైపులోంచి ఎర్రగా వచ్చింది.

అన్నీ బిగించి గేర్లు వేసి చూడమన్నాడు. డ్రైవ్ వేస్తే కారు అడుగు ముందుకు కదిలింది. రివర్స్ వేస్తే ఇంజను అరిచిందే తప్ప చక్రం తిరగలేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. మొహిద్దీన్‌కి ఈ వయసులో ఏడుపొచ్చినంత పనైంది.

"ముందుకి వెళ్తుందిగా?" అంది రాజ్యశ్రీ.

వెళ్తుందనీ, వేసవి సెలవుల్లో గేర్‌బాక్స్ దింపి కొత్త ప్లేట్లు వేస్తాననీ, శనివారం ఒకసారి తెచ్చి చూపించమనీ చెప్పాడు. అప్పటిదాకా రివర్స్ అక్కర్లేని చోటే ఆపుకుంటానంది. కానీ కారు షెడ్డులోకి ముందు నుంచి దూరి ఉంది, ఎదురుగా రేకుల గోడ. మొహిద్దీన్ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి తోశాడు. పక్క టీకొట్టు ప్రేమానందం వచ్చి చెయ్యి వేస్తేగాని కదల్లేదు. అద్దం వెనక నుంచి ఆవిడ ఆయన మొహమే చూస్తూ స్టీరింగ్ పట్టుకుంది. రోడ్డెక్కాక, "శనివారం బయటే ఆపుతాలెండి, మీరు తొయ్యలేరు," అని వెళ్ళిపోయింది.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి మొహిద్దీన్ స్పానరు తీసుకున్నాడు. షెడ్డు వెనకగోడ రేకుల బోల్టులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. అవతల సందులోంచి పడమటి ఎండ సూటిగా లోపలికి పడింది. ఉన్న ఆ కాస్త నీడా పాడుచేసుకుంటున్నావేమయ్యా అని ప్రేమానందం కేకలేశాడు.

"టీచరుగారి కారుకి రివర్స్ లేదు," అన్నాడు మొహిద్దీన్. "ఇటొచ్చి అటు పోవాలి."